కాలువ నీళ్లలో సున్నపు తేట

ఆత్మారాం ఎవరింటికి పోయినా ముందు మనుషులను పలకరించడు. నీళ్లను చూస్తాడు. గాజుతొట్టి ముందు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, చేప చుట్టూ ఉన్నదాన్ని చాలాసేపు చూస్తాడు. ఇంటివాళ్లు చాయ్ ఇస్తే తాగడు. కుర్చీ వేస్తే కూర్చోడు. "చేపకేమైంది అన్నా?" అని అడిగితే, "చేపకేం గాలె. మీరు నీళ్లను ఖరాబు చేసిండ్రు" అంటాడు. ఆ నోటికి బోధన్‌లో సగం ఇళ్లు అతన్ని రెండోసారి పిలవవు. మిగిలిన సగం తిట్టుకుంటూనే పిలుస్తాయి. చేప కంటికి పొర కమ్మితే చూసే మనిషి ఆ ఊళ్లో ఇంకొకడు లేడు.

యాభై నాలుగేళ్లు. బక్క మనిషి. భుజానికి ఒక గుడ్డ సంచి. అందులో నీళ్లు తోడే రబ్బరు గొట్టం, దొడ్డుప్పు పొట్లం, నీళ్లలో ముంచితే రంగు మారే కాగితాల చిన్న పుస్తకం. ఆ కాగితాలు చక్కెర ఫ్యాక్టరీ నేర్పిన అలవాటు.

ఫ్యాక్టరీ ల్యాబులో పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. గానుగల నుంచి చెరుకు రసం నల్లగా, బురదగా, తేనెటీగల రెక్కలతో వచ్చేది. దానిలో సున్నం కలిపేవాళ్లు, గంధకం పొగ పట్టించేవాళ్లు, మరిగించేవాళ్లు. మురికి కళ్లు మూసుకుని అడుగుకు దిగేది. పైన తేట నిలిచేది, అప్పుడే తెల్లవారినట్టు. గంటకోసారి అందులో కాగితం ముంచి, రంగు చూసి, సున్నం ఇంకెంత పడాలో చెప్పడం ఆత్మారాం పని. అతను ఊ అనే దాకా రసం ముందుకు కదిలేది కాదు. అంత ఇనుప రొద మధ్య ఒక కాగితం ముక్క మాట చెల్లేది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇనుము తుప్పు పట్టింది. అతని నోరూ తుప్పు పట్టింది. తోటివాళ్లు ఆటోలు తోలారు, వేల్పూర్ వైపు పసుపు గోదాములకు కాపలా పోయారు. ఆత్మారాం మూడేళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా భార్య స్నేహలత చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది. ఇల్లంతా తంబాకు ఘాటు. ల్యాబులో పెద్దసారు గదిలో ఉన్న చేపల తొట్టిని ఎవరూ తీసుకుపోలేదని, మూతపడ్డ రోజే తనే మోసుకొచ్చాడు. అందులో ఒక బంగారు చేపకు కన్ను మబ్బు పట్టింది. దాన్ని టబ్బులో వేరుగా ఉంచి, రోజూ కొంచెం కొంచెం నీళ్లు మార్చి, ఉప్పు వేసి, వెలుతురు తగలకుండా గోనెపట్ట కప్పాడు. తొమ్మిదో రోజు ఆ కన్ను మళ్లీ నల్లగా మెరిసింది. మాట పాకింది.

"మనుషుల కండ్లకే డాక్టర్లు దొరుకుతలేరు. చేప కండ్లకు మాత్రం నా మొగడు దొరికిండు" అని స్నేహలత బీడీల కార్ఖానాలో అందరి ముందూ అనేది.

అంటే అననీ అనుకునేవాడు. "నీళ్లు తెలిసినోడు" అని బోధన్ అతన్ని అంటుంది. ఫ్యాక్టరీ పోయినా, ఒంట్లో కండ పోయినా, ఆ ఒక్క మాట మిగిలింది. దాన్ని అతను ఎవరికీ తాకనివ్వడు.

*

రెంజల్ రోడ్డు మీద ఒక క్యాంపు ఉంది. కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. అక్కడ రత్తయ్య భార్య చెంచులక్ష్మి అంటే పాలవాడు కూడా గేటు బయటే చెప్పులు విప్పుతాడు. తెనాలి వైపు నుంచి పదహారేళ్ల కొత్త పెళ్లికూతురుగా వచ్చిందట. ఇప్పుడు డెబ్బై. ఆ నోటికి అత్తగారు భయపడింది, కోడళ్లు వేరే కాపురాలు పెట్టారు, రత్తయ్య పొద్దున్నే పొలానికి పోయి చీకటి పడితే గానీ రాడు.

ఆమెలో మెత్తదనం అంతా ఒక చేపకు దక్కింది. మోచేతి పొడవుంటుంది. నల్లటి ఒంటి మీద నిప్పు ఎగిసినట్టు నారింజ మరకలు. ఆస్కార్ అంటారు ఆ జాతిని. ఆమె నల్లోడు అంటుంది. చీర కుచ్చిళ్ల చప్పుడుకే అది అద్దం దగ్గరికి వచ్చేది. వేళ్ల మధ్య రొయ్య పెట్టి నీళ్లలో ఉంచితే, గోరు తగలకుండా తీసుకునేది.

తొట్టిలో కాలువ నీళ్లే పోస్తుంది ఆమె. "బోరు నీళ్లు ఉప్పు కంపు. మేం కాలువ వెంట వచ్చినవాళ్లం, నా చేపా కాలువ నీళ్లే తాగుద్ది" అంటుంది. శ్రావణంలో ఎడతెగని వానలు పడి కాలువ ఎర్రబడింది. తొట్టిలో నీళ్లు చాయ్‌లా మారాయి. చేప కనపడటం లేదని ఆత్మారాంను పిలిపించింది.

"పటిక తిప్పనా?" అని అడిగింది.

"పటిక నీళ్లను పుల్లగ చేస్తది. మీకు తెల్వది, మీరు ముట్టకుండ్రి" అన్నాడు ఆత్మారాం.

అతనికి తెలిసిన మందు ఒకటే. నల్లటి రసాన్ని బంగారం చేసింది అదే. సున్నం నీళ్లలో కలిపి, అడుగుకు దిగాక పైతేట ఒంపి, సీసాలో పోసి ఇచ్చాడు. రోజూ పొద్దున ఒక గ్లాసు పొయ్యమన్నాడు. బోధన్ ఇళ్లలో బోరు నీళ్ల తొట్లకు ఇంతకుముందు ఒకటి రెండు గ్లాసులు పోశాడు. బోరు నీళ్లు మొండివి, సున్నం పడ్డా చలించవు. కాలువ నీళ్లు వాన నీళ్లంత మెత్తనివి. ఏది కలిస్తే దానిలా మారిపోతాయి. అందరి నీళ్లలోనూ కాగితం ముంచే మనిషి, తన సున్నం పడ్డ నీళ్లలో మళ్లీ ముంచి చూడాలని అనుకోలేదు. మూడో రోజుకే తొట్టి తేరుకుంది. వెనక గోడ మీది క్యాలెండర్ అంకెలు నీళ్లలోంచి చదవొచ్చు. చెంచులక్ష్మి మెచ్చుకోలేదు గానీ తిట్టలేదు. ఆమె దగ్గర అదే పెద్ద మెప్పు.

పదిహేడో రోజు పొద్దున ఫోన్ మోగింది.

"ఏవయ్యా ఆత్మారాం, బతికే ఉన్నావా?"

"ఉన్న. ఏందమ్మా?"

"నల్లోడి కళ్లు తెల్లబడ్డాయి. రెండూ. పాల మీద మీగడ కట్టినట్టు. చెయ్యి పెడితే తెలుసుకోవట్లేదు, వెళ్లి అద్దానికి గుద్దుకుంటున్నాడు. ముందే ఆ మధుకర్‌గాడికి ఫోన్ చేశా, వాడి దగ్గరే కదా కొన్నది. ఏదో సీసా తెచ్చి నాలుగు చుక్కలు పోసి పోయాడు. వారమైంది. పొర ఇంకా మందమైంది. దొంగ సచ్చినోడు."

ఆత్మారాం ఆ పేరు విని లోపల వెలిగాడు. నిజామాబాద్ బస్టాండ్ వెనక చేపల దుకాణం మధుకర్‌ది. ముప్పై అయిదేళ్లవాడు. రంగు దీపాలు, బుడగలు, ప్లాస్టిక్ ఓడలు పెట్టి అమ్ముతాడు. ఆత్మారాంను "చక్కెర డాక్టర్" అంటాడు. ఆత్మారాం ఆ దుకాణాన్ని "చేపల జైలు" అంటాడు. అయిదేళ్లుగా ఇద్దరి మధ్య ఇంతకు మించి మాటల్లేవు.

*

చేప తొట్టి మూలలో, తల కిందికి వంచి నిలబడి ఉంది. కళ్లు ఉన్నచోట రెండు తెల్లటి గుండీలు. మొప్పలు తొందర తొందరగా ఆడుతున్నాయి. ఆ గదిలో అన్నిటికన్నా అందంగా ఉన్నవి నీళ్లే. అంత తేటగా ఉన్నాయి. కిటికీలోంచి వచ్చిన ఎండ వాటిని దాటి అడుగున గులకరాళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతోంది.

"వాడి మందే" అంది చెంచులక్ష్మి.

"సూడనియ్యుండ్రి."

కాగితం ముంచి తీశాడు. లేత పచ్చ దగ్గర ఆగాల్సిన రంగు ఆగలేదు. పచ్చ దాటింది, ముదురు పచ్చ దాటింది, నీలంలోకి దిగింది. ఆ నీలం అతనికి తెలుసు. ఫ్యాక్టరీలో ఎవడైనా సున్నం గొట్టం తిప్పి మరిచిపోయిన రోజు రసంలో వచ్చే నీలం. ఏ దుకాణం మందుకూ ఆ రంగు రాదు.

పదహారు గ్లాసులు. నీళ్లను మండే నీళ్లుగా చేసిన పదహారు పొద్దులు. చేప ఒంటి మీది జిగురు, కంటి మీది పొర కొంచెం కొంచెంగా కాలాయి.

"ఏం తేలింది?" ఆమె వెనక నిలబడింది.

కాగితాన్ని అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"మందెక్కువైంది."

అంతే. రెండు మాటలు. వాటి బరువు అతనికి అప్పుడు తెలియలేదు.

"నే చెప్పలా! రేపే వాడి కొట్టు ముందు నిలబడి అడుగుతా, అడగకపోతే నా పేరు చెంచులక్ష్మి కాదు." ఆమె మాట్లాడుతూనే అలమర మీది సీసా తీసి, గ్లాసులో తేట వంపుకుంది. "ఫోన్ల గొడవలో ఇవాళ ఇది కూడా పొయ్యలా."

"పొయ్యకు!"

ఆ ఇంట్లో ఆమె మీద ఎవరూ అంత గట్టిగా అరిచి ఉండరు. గ్లాసు గాల్లో ఆగింది.

"ఏం? రోజూ పొయ్యమంది నువ్వేగా."

"సీసా పాతగైంది. ఖరాబైంది. ఇటియ్యుండ్రి."

సీసా లాక్కున్నట్టే తీసుకుని సంచిలో వేసుకున్నాడు. ఆమె అతన్ని కోడళ్లను చూసినట్టు చూసింది.

తర్వాత తనకు తెలిసిన పని చేశాడు. రెండు బకెట్లు తోడి, తేరుకున్న కాలువ నీళ్లు రెండు బకెట్లు చెంబుతో మెల్లగా పోశాడు. గుప్పెడు దొడ్డుప్పు వేరే గిన్నెలో కరిగించి కలిపాడు. తొట్టికి గోనెపట్ట కప్పాడు. రెండు రోజులు మేత వద్దన్నాడు. రోజూ వచ్చి రెండేసి బకెట్లు మారుస్తానన్నాడు.

"ఎన్నాళ్లు?"

"పది, పన్నెండు రోజులు."

"ఒక్కసారే మొత్తం పారబోసి కొత్త నీళ్లు పట్టొచ్చుగా?"

"సస్తది."

"మురికి నీళ్లలోంచి మంచి నీళ్లలోకి వస్తే ఎవరన్నా చస్తారా? ఏం మాటలయ్యా ఇవి?"

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. నీళ్లు ఎంత మండుతున్నాయో చెబితేనే ఆ జవాబు నిలబడుతుంది. ఎందుకు మండుతున్నాయో చెబితేనే అది మొదలవుతుంది. ఆత్మారాం సంచి భుజానికేసుకుని, "చెప్పింది చేయుండ్రి" అని బయటికి నడిచాడు.

*

మర్నాడు ఆమె నిజామాబాద్ బస్సెక్కి పోయి అన్నంత పనీ చేసింది. సాయంత్రానికి మధుకర్ ఫోన్ చేశాడు.

"ఆత్మారామన్నా, కాళ్లకు దండం. నా మందు ఎక్కువైందని ఆ అమ్మకు నువ్వే చెప్పినవంట."

"చెప్పిన."

"నేను పోసింది నాలుగు సుక్కలే. గంత తొట్టిల నాలుగు సుక్కలు ఎక్కువైతయా? నా దుకాణం ముంగట గిరాకులు చెప్పులు వెతుక్కుంట పారిపోయిండ్రు. కాగితం ముంచినవా?"

"ముంచిన."

"ఏం రంగొచ్చింది?"

ఆత్మారాం ఫోన్ కోశాడు.

స్నేహలత బీడీకి దారం చుట్టి తెంపింది. తలెత్తలేదు.

"చెప్పరాదు. ఏం రంగొచ్చింది?"

"నీకెందుకు?"

"నీ అంగీ నానేద్దామని తీస్తె జేబుల దొరికింది. నీలమున్నది." ఇంకో ఆకు తీసుకుంది. "పెండ్లైన కొత్తల వేరేటోళ్ల మొగోళ్లు సినిమాల ముచ్చట చెప్పిండ్రు. నువ్వు నాకు సున్నం ముచ్చట చెప్పినవ్. పచ్చగుంటె మంచిది, నీలమైతె సున్నమెక్కువ అని. పంతొమ్మిదేండ్లు ఇన్న. నాకు నిద్రల గూడ వస్తది గా లెక్క."

"చేప మంచిగైతది. గంతే కావాల్సింది."

"మంచిగైతె నువ్వు చేసినవ్, ఖరాబైతె మధుకర్ చేసిండు. మంచిగున్నది నీ డాక్టర్‌తనం."

"నోరు ముయ్యి."

"మూస్త. గానీ ఒక్కటి ఇను. ఫ్యాక్టరీ బందయినప్పుడు నిన్ను సూస్తె పాపమనిపించేది. గోడకు కూసున్నా పాపమనిపించేది. గిప్పుడనిపిస్తలేదు."

ఆమె చేతుల్లో ఆకు, తంబాకు, దారం ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. ఆ చేతులు అతన్ని పట్టించుకోవడం మానేసి చాలా కాలమైందని ఆత్మారాంకు ఆ సాయంత్రం తెలిసింది.

*

నాలుగో రోజు పొద్దున టీవీఎస్ బండి మీద క్యాంపుకు పోతూ, దారంతా ఒక వాక్యాన్ని నోట్లో తిప్పుకున్నాడు. చెంచులక్ష్మి గట్టిగా నిలదీస్తే చెప్పడానికి. 'గ్లాసు కంటే ఎక్కువ పోసినవా ఏందమ్మా?' ఆమె ముసలిది. చెయ్యి వణుకుతుంది. ఎక్కువే పడి ఉండొచ్చు. వాక్యం మెత్తగా, నున్నగా ఉంది. రెండు పక్కలా మొక్కజొన్న. ఒకప్పుడు అంతా చెరుకు. గాలికి ఆకులు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి.

గేటు దగ్గరే మోటారు శబ్దం వినిపించింది.

హాల్లో నేలంతా నీళ్లు. కాళ్ల కింద గోనెపట్ట నాని పడి ఉంది. తొట్టిలో నీళ్లు సగానికి పైగా పోయాయి. చేప ఒక పక్కకు ఒరిగి, పై రెక్క గాలికి తేలి, కొట్టుకుంటోంది. చెంచులక్ష్మి కొంగు నడుముకు చుట్టి, పెరట్లోంచి లాక్కొచ్చిన పైపును తొట్టి మీదికి ఎత్తుతోంది. పైపు లోపల కాలువ నీళ్లు వస్తున్న గురగుర.

గుమ్మం పక్కన చేతులు కట్టుకుని మధుకర్ నిలబడి ఉన్నాడు. అతని కాళ్ల దగ్గర చేపలను మోసే పెద్ద ప్లాస్టిక్ సంచి.

"ఆపుండ్రి!"

"ఎందుకాపాలి?" అంది చెంచులక్ష్మి. "నీ రెండు బకెట్ల వైద్యానికి దసరా దాటుద్ది. వీడి విషమంతా కడిగేస్తా. బతికితే నా దగ్గరుంటాడు, చస్తే వీడే మోసుకుపోతాడు. అందుకే పిలిపించా."

"అన్నా, రా, రా" అన్నాడు మధుకర్. "నీ పేషెంటుకు తానం పోస్తున్నది అమ్మ. నువ్వు రంగు సూసుకుంట నిలబడు."

పైపు మూతి దగ్గర నీళ్లు తన్నుకొచ్చాయి. ఆత్మారాం దూకి అరచేయి అడ్డం పెట్టాడు. నీళ్లు చీలి అతని ముఖం మీద, ఆమె చీర మీద, గోడ మీది దేవుడి పటాల మీద చిమ్మాయి.

"వదులు!"

"వదల! ఒక్కపారి పోస్తె గుండాగి సస్తది. మండె నీళ్లకు అది అలవాటు పడ్డది. మెల్లగ దించాలె."

"మండేదేవిటి? నాలుగు చుక్కల మందుకు మండుద్దా? నువ్వేగా అన్నావ్ మందు ఎక్కువైందని!"

దారంతా నున్నగా తిప్పుకున్న వాక్యం అప్పుడు నోటిదాకా వచ్చింది. తొట్టిలో చేప తోకతో అద్దాన్ని కొట్టింది. ఆ వాక్యం చెబితే ఆమె ఒప్పుకోదు. వాదిస్తుంది. ఆ వాదన తెగే లోపల చేప చస్తుంది.

"మందు కాదు" అన్నాడు. "గిండ్ల ఉన్నది నా సున్నం. నేనిచ్చిన సీసా. నువ్వు రోజూ పోసింది. బోరు నీళ్లనుకొని ఇచ్చిన, కాలువ నీళ్లకు గది విషమైంది. మొన్ననే కాగితంల తెలిసింది నాకు. మధుకర్‌ది ఏం లేదు. మోటర్ బంద్ చెయ్యి."

పైపు ఆమె చేతిలోంచి జారింది. మధుకర్ పెరట్లోకి పోయి మోటారు ఆపి వచ్చాడు. ఇల్లంతా చుక్కల శబ్దం.

చెంచులక్ష్మి తన కుడి చేతిని చూసుకుంది. రొయ్యను వేళ్ల మధ్య పెట్టి తినిపించే చెయ్యి.

"నా చేత్తో పోయించావా?" అంది. అరవలేదు. అరిస్తే బాగుండునని ఆత్మారాంకు అనిపించింది.

"ఒప్పుకున్న గద" అన్నాడు.

"ఒప్పుకున్నవా?" మధుకర్ ముందుకొచ్చాడు. "నాలుగు రోజులాయె. బస్టాండు మొత్తం నన్ను దొంగన్నది. కాగితం ముంచిన నాడే నీకు ఎరుకైంది. చేప సస్తదని గిప్పుడు నోరు తెరిచినవ్. అది సచ్చేటట్టు లేకుంటె నువ్వు సచ్చేదాక చెప్పేటోనివే గాదు."

ఆత్మారాం తొట్టి మీదికి వంగి చేపను చూశాడు.

"జరుగు" అన్నాడు మధుకర్. జేబులోంచి సన్నటి గొట్టం తీశాడు, బుడగల మోటార్లకు పెట్టే రకం. నీళ్ల బకెట్‌ను ఎత్తు స్టూలు మీద పెట్టి, గొట్టం ఒక కొస అందులో ముంచి, నోటితో పీల్చి, రెండో కొసను తొట్టిలోకి వదిలాడు. మధ్యలో ముడి వేసి బిగించాడు. ధార సన్నబడింది. ఇంకాస్త బిగించాడు. చుక్కలైంది. ఒక చుక్క, ఒక ఊపిరి, ఒక చుక్క.

"పొద్దుమూకె దాక గిట్లనే పడాలె. రేపు గూడ" అన్నాడు.

ఆత్మారాంకు ఈ పద్ధతి తెలియదు. పంతొమ్మిదేళ్ల ల్యాబులో ఎవరూ నేర్పలేదు. ముడి సరిగ్గా ఉందో లేదో చూడటానికి చెయ్యి చాపాడు.

"నువ్వు ముట్టకు" అన్నాడు మధుకర్.

చేప సాయంత్రానికి నిటారుగా నిలిచింది.

పోయే ముందు మధుకర్ గుమ్మంలో ఆగి, "నా దుకాణం ముంగటికొచ్చి గిదే మాట నలుగురిల చెప్పు" అన్నాడు.

"ఆయన చెప్పక్కర్లేదు. నేను చెప్తా" అంది చెంచులక్ష్మి.

*

చెప్పింది. మళ్లీ బస్సెక్కి, నిజామాబాద్‌లో అదే దుకాణం ముందు, అదే గొంతుతో, ఈసారి ఆత్మారాం పేరు పెట్టి చెప్పింది. గిరాకులు ఆగి విన్నారట. క్యాంపు తర్వాత క్యాంపు చెప్పుకుంటూ పోయింది. మోర్తాడ్‌లో ఒక ఆసామి పెద్ద తొట్టి చూడటానికి రమ్మన్నవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. బోధన్‌లో అతన్ని చూసి కిళ్లీకొట్టు వాడు, "ఏం అన్నా, సున్నం కావాల్నా?" అన్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నీళ్లు తెలిసినోడు అన్న మాట ఎవరి నోటా రాలేదు. వెనక్కి తీసుకునేటప్పుడు ఊరు చెప్పి తీసుకోదు.

స్నేహలత ఒకరోజు అన్నం పెడుతూ, "మధుకర్ దుకాణం ముంగట నువ్వు చెప్పినవా, ఆమె చెప్పిందా?" అని అడిగింది.

"ఆమె."

"నువ్వు పోయి చెప్పాలె."

"ఆమె చెప్పినంక నేను చెప్తె ఏంది?"

"ఏం లేదు. తిను."

తెల్లారి పోయాడు. మధుకర్ దుకాణంలో ఒక గిరాకికి రంగు రాళ్లు చూపిస్తున్నాడు. ఆత్మారాం గడప బయటే నిలబడి, "తప్పు నాది. నీ మందుది గాదు" అన్నాడు. గిరాకి తలతిప్పి చూశాడు. మధుకర్ తిప్పలేదు. "ఎర్రయి ఇయ్యాల్నా, తెల్లయా?" అని గిరాకిని అడిగాడు. ఆత్మారాం వెనుదిరిగి వచ్చేశాడు.

క్యాంపుకు మాత్రం రోజూ పోయాడు. రమ్మని ఆమె అనలేదు, వద్దనీ అనలేదు. గేటు తీసి పక్కకు నిలబడేది. అతను చెప్పులు విప్పి లోపలికి పోయేవాడు. రెండు బకెట్లు తోడి, స్టూలు మీద బకెట్ పెట్టి, గొట్టానికి ముడి వేసి, మొదటి చుక్క పడే దాకా కూర్చునేవాడు. చుక్కలు పడుతున్నంతసేపూ ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి అతని చేతులను చూసేది, ఏదైనా దాస్తాడేమోనని. ఒక్కరోజు కూడా కూర్చోమనలేదు. కాగితం తీసినప్పుడల్లా, "ఇటు పట్టు, నేను చూస్తా" అనేది. అతను పట్టేవాడు. ఆమె ఆ రంగును పుస్తకం అట్ట మీది రంగులతో తనే పోల్చుకునేది.

నీలం వదలడానికి ఆరు రోజులు పట్టింది. పచ్చలోకి వచ్చాక, ఎడమ కంటి పొర అంచుల నుంచి కరగడం మొదలైంది. మంచు పట్టిన అద్దాన్ని లోపలి నుంచి ఎవరో వేలితో తుడుస్తున్నట్టు. కుడి కంటిలో నడిమధ్య ఒక తెల్లటి చుక్క నిలిచిపోయింది. దాని చుట్టూ అంతా తేరుకుంది. ఆ చుక్క మాత్రం కదల్లేదు.

"అది పోదా?"

"పోదు."

"పోదని నిన్ననే తెలుసా, ఇవాళే తెలిసిందా?"

"నాలుగు రోజుల కింద."

"మరి ఎందుకు చెప్పలా?"

"మీరు అడగలే."

ఆమె పళ్లు బిగించింది. "అడిగితేనే చెప్తావా నువ్వు? అడగకపోతే ఇంటికి నిప్పంటుకున్నా చెప్పవు కదూ?"

అతను ముడి వదులు చేసి, గొట్టం చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆ మాట నిజమే కాబట్టి దానికి దారి ఇచ్చినట్టు తలవంచాడు.

పన్నెండో రోజు గోనెపట్ట తీసేశారు. కిటికీ తెరిచారు. ఎండ నేరుగా తొట్టిలో పడింది. చెంచులక్ష్మి రొయ్య పట్టుకుని చేయి నీళ్లలో ఉంచింది. కుడివైపు ఉంచినప్పుడు చేప కదల్లేదు. ఎడమకు తెచ్చింది. చేప ఆగింది, కన్ను తిప్పింది, మెల్లగా వచ్చి తీసుకుంది. ఆమె ముఖంలో ఒక క్షణం పాటు ఆ పదహారేళ్ల కొత్త పెళ్లికూతురు కనపడి పోయింది.

ఆత్మారాం బకెట్‌ను మూలన బోర్లించాడు. గుడ్డతో అద్దం తుడవడానికి తొట్టి దగ్గరికి వంగాడు.

చేప తిరిగింది. ఎడమ కన్ను అతని వైపు పెట్టి, అద్దం దాకా ఈదుకుంటూ వచ్చింది. అతని గుడ్డ ఎటు పోతే అటు పోయింది. పన్నెండు రోజులుగా రోజూ దాని ముందు కదిలిన నీడ అతనిదే. చుక్కలు మొదలైతే కాసేపటికి ఒళ్లు మంట తగ్గుతుందని, ఆ చుక్కలు ఈ నీడ వెంట వస్తాయని దానికి తెలిసినంతలో తెలిసింది. నోరు తెరిచి మూసింది, మేత అడిగినట్టు.

ఆత్మారాం గుడ్డ ఆపాడు. అతని వేలు అద్దం ఇవతల, దాని నోరు అవతల. ఎన్నేళ్లుగానో నీళ్లను చూశాడు గానీ, నీళ్లలోంచి తనను ఎవరైనా చూస్తారని అనుకోలేదు.

చెంచులక్ష్మి తడిచేతిని కొంగుకు తుడుచుకుంటూ అదంతా చూసింది.

"నిన్ను చూసి వస్తున్నాడు" అంది.

అతను నిలబడ్డాడు.

"వాడికి తెలీదు" అంది. "నాకు తెలుసు. ఇక రావద్దు."

ఆత్మారాం సంచి భుజానికి వేసుకున్నాడు. ఆమె అతనికన్నా ముందు నడిచి గేటు తీసింది.